పెద్దవాళ్ళను ఇంట్లోవాళ్ళు బాధపెడుతున్నా, బయటివాళ్ళు దోచుకున్నా: మొదటి మాట నుంచి ఆర్డీవో ఆఫీసు దాకా ఏం చేయాలి

ఒకటో తారీఖు పొద్దున్నే మా వీధిలోకి సచివాలయం ఉద్యోగి పింఛన్లు పట్టుకొని వస్తాడు. ఎదురింటి పెద్దమ్మ అరుగు మీద కూర్చొని వేలిముద్ర వేస్తుంది. ఒకసారికి పడదు. చెంగుతో వేలు తుడుచుకొని మళ్ళీ నొక్కుతుంది. ఎనిమిది ఐదువందల కాగితాలు ఆమె చేతిలో పెట్టి అతను పక్కింటి గుమ్మం చేరేలోపే లోపలి నుంచి మనవడు వచ్చి వాటిని తీసుకుపోతాడు, చెంగున ముడి వేసుకునే టైమ్ కూడా ఆమెకు ఉండదు. చాలా నెలలు ఇది నా కళ్ళ ముందే జరిగింది, వాళ్ళింటి సంగతి మనకెందుకని ఊరుకున్నాను. ఒక మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేనప్పుడు ఆమె మా గడప దగ్గరకు వచ్చి బీపీ బిళ్ళలకు 120 రూపాయలు చేబదులు అడిగింది. నెలకు 4,000 పింఛను వచ్చే మనిషి.

ఆ రోజు నుంచి నేర్చుకున్నవి, తర్వాత ఇంకొందరి కోసం ఆఫీసుల చుట్టూ తిరిగినప్పుడు తెలిసినవి ఇక్కడ వరసగా రాస్తున్నాను. అన్నిటికంటే ముందు ఒక మాట. ఈ పెద్దవాళ్ళలో చాలామందికి కొడుకును జైల్లో పెట్టించాలని ఉండదు. వేళకు అన్నం కావాలి, మందులు కావాలి, తన పెట్టె తాళం తన దగ్గర ఉండాలి, ఎవరూ తన మీద అరవకూడదు, అంతే. అది తెలుసుకోకుండా మనం ఆవేశపడి స్టేషన్‌కు పరిగెత్తితే, ఆ రాత్రి మళ్ళీ ఆ ఇంట్లోనే పడుకోవాల్సింది వాళ్ళు, మనం కాదు. అందుకే కింద రాసిన ప్రతి పనీ వాళ్ళను అడిగి చేయండి. ప్రాణం మీదకొచ్చినప్పుడు మాత్రం అడుగుతూ కూర్చోవద్దు.

1. ముందు గుర్తుపట్టండి

కొట్టడం ఒక్కటే హింస అనుకుంటాం. అన్నం పెట్టకపోవడం, మందులు ఆపేయడం, చుట్టాలతో మాట్లాడనివ్వకపోవడం, ఫోన్ లాగేసుకోవడం, "ఎప్పుడు పోతావు" అని రోజూ అనడం, భయపెట్టి సంతకాలు పెట్టించుకోవడం, పింఛనూ అద్దెలూ తీసేసుకోవడం, ఇవన్నీ హింసే. చేసేది ఎప్పుడూ కోడలే అని మన ఊళ్ళలో అలవాటుగా అంటారు, నేను చూసినవాటిలో కొడుకులు ఉన్నారు, కూతుళ్ళు ఉన్నారు, అల్లుళ్ళు, మనవళ్ళు, జీతానికి పెట్టుకున్న కేర్‌టేకర్లు కూడా ఉన్నారు. ముందే ఎవరో ఒకరి మీద వేలు పెట్టుకొని వెళితే అసలు మనిషి మీ కంట పడరు.

బయటికి కనిపించే గుర్తులు చిన్నవే. రోజూ అరుగు మీద కూర్చునే మనిషి వారం రోజులుగా కనిపించకపోవడం. ఫోన్ చేస్తే ప్రతిసారీ వేరేవాళ్ళే ఎత్తి "నిద్రపోతోంది" అనడం. మనం పలకరిస్తే జవాబు చెప్పేముందు కొడుకు ముఖం వైపు చూడటం. మోచేతి పైభాగంలో వేళ్ళ అచ్చుల్లాంటి కమిలిన మరకలు. కళ్ళజోడు విరిగి నెలలైనా బాగుచేయించకపోవడం. చెవి దుద్దులు ఉన్నట్టుండి మాయమవడం. బ్యాంకు పాస్‌బుక్ ఎక్కడుందో ఆమెకే తెలియకపోవడం. వీటిలో ఒక్కటి కనిపించినంత మాత్రాన నేరం జరిగినట్టు కాదు, రక్తం పలచబడే మందులు వాడేవాళ్ళకు చిన్న దెబ్బకే చర్మం కమిలిపోతుంది. రెండు మూడు కలిసి కనిపిస్తే మాత్రం తర్వాతి అడుగు వేయండి.

2. ఒంటరిగా ఉన్నప్పుడు మాట్లాడండి

ఈ మొత్తంలో కష్టమైన పని ఇదే, ఇది సరిగా జరగకపోతే చట్టం ఎంత గట్టిదైనా పనికిరాదు.

కొడుకు పక్కన ఉండగా "నిన్ను బాగా చూసుకుంటున్నారా" అని అడిగితే "నాకేం, మహారాజులా ఉన్నాను" అనే అంటారు. గుడికి తోడు వెళ్ళండి, కంటి డాక్టర్ దగ్గరకు తీసుకెళ్ళండి, కూరగాయల బండి దగ్గర నిలబడి మాట్లాడండి. ఫోన్‌లో అయితే స్పీకర్ పెట్టి ఉందేమో ముందు కనుక్కోండి. అమెరికాలోనో దుబాయిలోనో ఉండి తల్లిదండ్రులతో వీడియో కాల్ మాట్లాడే పిల్లలకు ఇది మరీ ముఖ్యం, కెమెరా వెనక ఎవరు నిలబడ్డారో మీకు కనిపించదు. నమ్మకమైన బంధువునో పాత పక్కింటివాళ్ళనో నెలకు రెండుసార్లు నేరుగా వెళ్ళి కూర్చోమని అడగండి.

ప్రశ్నలు చిన్నవిగా, చేత్తో పట్టుకునేలా ఉండాలి. "పెద్దమ్మా, రాత్రి ఏం తిన్నావు?" "బిళ్ళలు ఇంకా ఎన్ని ఉన్నాయి, ఆ డబ్బా ఇటివ్వు చూస్తాను." "ఈ నెల పింఛన్‌లో నీ చేతిలో ఎంత మిగిలింది?" "రాత్రిపూట బయటికి వెళ్ళాలంటే తలుపు ఎవరు తీస్తారు?" "ఈమధ్య ఏమైనా కాగితాల మీద వేలిముద్ర వేశావా?" వీటికి జవాబు చెప్పడంలో పరువు పోదు, కొడుకు మీద చాడీ చెప్పినట్టూ ఉండదు. ఆ జవాబుల్లోంచే విషయం బయటికి వస్తుంది.

చెప్పడం మొదలుపెట్టాక మధ్యలో "అయ్యో, ముందే ఎందుకు చెప్పలేదు" అనొద్దు. "వాడి సంగతి నేను తేలుస్తా" అని అస్సలు అనొద్దు, ఆ మాట విన్నారంటే మళ్ళీ నోరు విప్పరు. "ఎవరికీ చెప్పను" అని ఒట్టు కూడా వేయొద్దు, రేపు చెప్పాల్సి రావచ్చు. "నిన్ను అడగకుండా ఏమీ చేయను, నీకేం కావాలో చెప్పు" అంటే చాలు. మా ఎదురింటి పెద్దమ్మ ఆ రోజు అడిగింది ఒక్కటే, పింఛన్‌లో వెయ్యి రూపాయలు తన దగ్గర ఉండాలని.

ఇంటికి రాగానే ఒక నోట్‌బుక్‌లో తేదీ, టైమ్, వాళ్ళు అన్న మాటలు ఉన్నవి ఉన్నట్టుగా రాసుకోండి. మీ అభిప్రాయం అందులో కలపొద్దు. ఆరు నెలల తర్వాత ఆర్డీవో ముందు ఆ నోట్‌బుక్కే అక్కరకొస్తుంది.

మతిమరుపు జబ్బు ఉన్నవాళ్ళ విషయంలో కాస్త నిదానం కావాలి. పెట్టినచోటు మరచిపోయి "నా డబ్బు కోడలు తీసింది" అనడం డిమెన్షియాలో తరచుగా కనిపిస్తుంది. అలాగని వాళ్ళు చెప్పిందల్లా కొట్టిపారేయకూడదు, మతిమరుపు ఉన్నవాళ్ళను మోసం చేయడం ఇంకా సులువు కదా. చెప్పినదాన్ని పాస్‌బుక్‌తో, మందుల పట్టీతో, ఒంటి మీద దెబ్బలతో పోల్చి చూడండి.

3. ప్రాణం మీదకొస్తే

కొడుతుంటే, గదిలో పెట్టి తాళం వేస్తే, ఇంట్లోంచి గెంటేస్తే 112కు ఫోన్ చేయండి. బస్టాండ్‌లోనో ఆసుపత్రి వరండాలోనో వదిలేసి వెళ్ళిపోతే అది నేరం, 2007 నాటి వయోవృద్ధుల చట్టంలో సెక్షన్ 24 కింద 3 నెలల దాకా జైలు, లేదా 5,000 దాకా జరిమానా, లేదా రెండూ పడవచ్చు. దెబ్బలుంటే ముందు ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకెళ్ళి ఎలా తగిలాయో డాక్టర్‌కు నిజం చెప్పించండి, మెడికో లీగల్ కేసుగా, అంటే పోలీసులకు తెలియజేయాల్సిన కేసుగా రాయించండి. భయంతో "బాత్రూంలో జారిపడ్డాను" అని ఒకసారి రాయిస్తే తర్వాత దాన్ని మార్చడం చాలా కష్టం. దెబ్బల ఫొటోలు అదే రోజు తీయండి, రెండు రోజులు ఆగి మళ్ళీ తీయండి, కమిలిన రంగు రెండోరోజుకే బాగా తేలుతుంది.

బాధితురాలు స్త్రీ అయితే ఇంకో దారి ఉంది. 2005 నాటి గృహహింస చట్టం భార్యలకు మాత్రమే అని చాలామంది అనుకుంటారు. తల్లి కూడా, అత్త కూడా, ఆ ఇంట్లో బంధుత్వంతో కలిసి ఉండే ఏ స్త్రీ అయినా దాని కింద రక్షణ అడగవచ్చు. మహిళల హెల్ప్‌లైన్ 181కు ఫోన్ చేయవచ్చు, హింసకు గురైన స్త్రీలకు సాయం చేసే సఖి కేంద్రానికి జిల్లాలోనే వెళ్ళవచ్చు.

4. 14567

అత్యవసరం కాని ప్రతి విషయానికీ మొదట చేయాల్సిన ఫోన్ ఇదే. ఎల్డర్‌లైన్ అంటారు. టాటా ట్రస్ట్స్, విజయవాహిని ఫౌండేషన్ కలిసి 2017లో హైదరాబాద్‌లో మొదలుపెట్టారు, 2021 అక్టోబర్ 1 నుంచి దేశమంతటికీ వచ్చింది. పొద్దున 8 నుంచి రాత్రి 8 దాకా పనిచేస్తుంది, డబ్బేమీ తీసుకోరు, తెలుగులో మాట్లాడతారు. పింఛను సందేహాలు, చట్టం సంగతులు చెబుతారు, ఊరికే మనసు బాగోలేకపోయినా వింటారు, అవసరమైతే మనిషిని పంపిస్తారు. పెద్దవాళ్ళే చేయాలని లేదు, మీరు వాళ్ళ తరఫున చేయవచ్చు. ఈ నంబర్‌ను పెద్ద అక్షరాలతో రాసి దేవుడి గూటి పక్కనో ఫ్రిజ్ మీదో అంటించండి, స్మార్ట్‌ఫోన్‌లో సేవ్ చేసి వచ్చేస్తే వాళ్ళు వెతుక్కోలేరు.

మా పెద్దమ్మ విషయంలో నేను చేసింది ఇదే. అక్కడి నుంచి ఒకావిడ కొడుకుతో మాట్లాడింది, బెదిరించలేదు, పింఛను ఎవరి పేరున వస్తే వాళ్ళ సొమ్మని, దాన్ని తీసుకోవడం చట్టం దృష్టిలో ఏమవుతుందో వివరించింది. తర్వాతి ఒకటో తారీఖున మనవడు బయటికి రాలేదు.

5. కాగితాలు, డబ్బు, వేలిముద్ర

గొడవ ఉన్నా లేకపోయినా, 60 దాటినవాళ్ళున్న ప్రతి ఇంట్లో చేసుకోవాల్సిన పని ఇది. ఆధార్, రేషన్ కార్డు, పింఛను కాగితం, పాస్‌బుక్‌లు, ఇంటి దస్తావేజు, పట్టాదారు పాస్‌పుస్తకం, ఇన్సూరెన్స్ బాండ్లు, బంగారం కొన్న రసీదులు, ఒంటి మీది నగల ఫొటోలు, అన్నిటికీ రెండు సెట్లు జిరాక్స్ తీయించండి. అసలువి పెద్దవాళ్ళ తాళం కింద ఉండాలి, ఒక జిరాక్స్ సెట్ ఆ ఇంటి బయట ఉండే నమ్మకమైన మనిషి దగ్గర ఉండాలి.

బ్యాంకుకు వెళ్ళి ఖాతాకు ఏ ఫోన్ నంబర్ లింకై ఉందో చూడండి. చాలామంది పెద్దవాళ్ళ ఖాతాలకు కొడుకు నంబరో, మనవరాలి నంబరో ఉంటుంది, మెసేజ్‌లన్నీ అక్కడికే పోతాయి. వాళ్ళ సొంత నంబరే పెట్టించండి. జాయింట్ ఖాతాకూ నామినీకీ తేడా చెప్పండి, జాయింట్ ఖాతాలో "ఇద్దరిలో ఎవరైనా" అని ఉంటే అవతలివాళ్ళు ఈరోజే డబ్బంతా తీసేసుకోగలరు, నామినీకి మాత్రం ఖాతాదారు పోయాకే అందుతుంది. ఏటీఎం, యూపీఐ పరిమితులు రోజుకు ఎంత అవసరమో అంతకే తగ్గించుకోండి. 70 దాటినవాళ్ళకు ఇంటికే వచ్చి బ్యాంకు సేవలు అందించాలని రిజర్వ్ బ్యాంక్ 2017లోనే బ్యాంకులకు చెప్పింది, నడవలేనివాళ్ళుంటే మేనేజర్‌ను అడగండి.

ఊళ్ళలో ఎక్కువ మోసం వేలిముద్ర దగ్గర జరుగుతుంది. బయోమెట్రిక్ మిషన్ పట్టుకొని వచ్చిన మనిషి "ముద్ర పడలేదమ్మా, మళ్ళీ వెయ్యి" అంటాడు, మొదటి ముద్రకే డబ్బు డ్రా అయిపోయి ఉంటుంది, రెండో దానికి ఇంకోసారి అవుతుంది. ప్రతిసారీ రసీదు అడగాలి, రాలేదంటే అక్కడే మినీ స్టేట్‌మెంట్ తీయించాలి. ఆధార్‌తో డబ్బు తీసే అవసరమే లేనివాళ్ళు ఎంఆధార్ యాప్‌లో బయోమెట్రిక్ లాక్ చేసుకోవచ్చు, కావలసినప్పుడు తెరుచుకోవచ్చు. పింఛను వేలిముద్రతో తీసుకునేవాళ్ళు మాత్రం ఆ లాక్ వేస్తే ముద్ర పనిచేయక ఇబ్బంది పడతారు, ఇది గుర్తుంచుకోండి. సందేహాలకు ఆధార్ వాళ్ళ నంబర్ 1947.

ఇంట్లో మనిషిని పెట్టుకుంటే, కేర్‌టేకర్ కానీ హోమ్ నర్స్ కానీ, ఆధార్ జిరాక్స్, సొంతూరి చిరునామా, ఫొటో తీసుకొని పోలీస్ వెరిఫికేషన్‌కు ఇవ్వండి. ఏజెన్సీ నుంచి వచ్చారు కదా అని వదిలేయకండి.

6. ఆస్తి రాసిచ్చే ముందు

దీని గురించి నేను ఎంత చెప్పినా తక్కువే. మన దగ్గర పెద్దవాళ్ళు రోడ్డున పడే కథ ఎక్కువగా సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు నుంచే మొదలవుతుంది. "ఎలాగూ వాడిదే కదా" అని ఉన్న ఒక్క ఇల్లూ దానసెటిల్‌మెంట్ చేసేస్తారు, మూడు నెలలు తిరగకుండానే ఆ ఇంట్లో మంచం వరండాలోకి వస్తుంది.

వీలునామాకూ దానపత్రానికీ తేడా ప్రతి పెద్ద మనిషికీ తెలియాలి. వీలునామా వాళ్ళు పోయాకే అమల్లోకి వస్తుంది, బతికున్నన్నాళ్ళూ ఎన్నిసార్లైనా మార్చుకోవచ్చు. దానపత్రం రిజిస్టర్ అయిన రోజే ఆస్తి చేతులు మారిపోతుంది. పిల్లలు తొందరపెడుతుంటే వీలునామా రాస్తాను అనడమే మంచి జవాబు. జీపీఏ, అంటే మన తరఫున ఆస్తి వ్యవహారాలు చేసే అధికారం ఇంకొకరికి ఇచ్చే కాగితం మీద సంతకం కూడా ఊరికే పెట్టకూడదు, దాంతో ఇల్లు అమ్మేయవచ్చు. చదవడం రానివాళ్ళు దస్తావేజు మొత్తం బయటి మనిషితో చదివించుకోవాలి, తీసుకునేవాళ్ళ తరఫు మనిషితో కాదు.

దానం చేయక తప్పదనుకుంటే అందులో షరతు రాయించండి. 2007 చట్టంలోని సెక్షన్ 23 చెప్పేది ఇదే: కనీస అవసరాలు, శారీరక అవసరాలు చూసుకోవాలనే షరతుతో ఆస్తి ఇచ్చి, తీసుకున్నవాళ్ళు చూసుకోకపోతే, మోసంతోనో ఒత్తిడితోనో రాయించుకున్నట్టు లెక్కగట్టి ఈ చట్టం కింద ఆర్డీవో నడిపే ట్రిబ్యునల్ ఆ బదిలీ చెల్లదని ప్రకటించవచ్చు. ఆ షరతు ఉందని చూపించాలి, లేకపోతే సెక్షన్ 23 వర్తించదని సుప్రీంకోర్టు 2022 డిసెంబర్‌లో ఒక తీర్పులో చెప్పింది. 2025 జనవరి 2న ఇచ్చిన ఇంకో తీర్పులో ఈ చట్టాన్ని పెద్దవాళ్ళకు మేలు జరిగేలా విశాలంగా అర్థం చేసుకోవాలని, అవసరమైతే ట్రిబ్యునల్ ఇల్లు ఖాళీ చేయించి స్వాధీనం ఇప్పించవచ్చని కూడా అంది. రెండు తీర్పులూ కలిపి చూస్తే మనకు అర్థమయ్యేది, నోటి మాటను నమ్ముకోకుండా దస్తావేజులోనే రాయించాలని. దస్తావేజు రాసే లేఖరికి ఇలా చెప్పండి:

"దాత తన జీవితాంతం ఈ ఇంటిలో నివసించే హక్కు కలిగి ఉంటారు. దానగ్రహీత దాతకు భోజనం, వస్త్రాలు, నివాసం, వైద్యం, సంరక్షణ ఏ లోటూ లేకుండా సమకూర్చాలి. ఈ షరతుపైనే ఈ ఆస్తి ఇవ్వడమైనది. షరతు తప్పిన పక్షంలో 2007 చట్టం సెక్షన్ 23 ప్రకారం ఈ బదిలీ రద్దుకు లోబడి ఉంటుంది."

"మామూలుగా ఇవన్నీ రాయం" అని లేఖరి అంటే వెనక్కి తగ్గకండి. షరతు లేకుండా ఇప్పటికే రాసిచ్చేసినవాళ్ళు కూడా ఆశ వదులుకోనక్కర్లేదు, బెదిరించి లేదా మోసంతో రాయించుకున్నారని సివిల్ కోర్టులో సవాలు చేయవచ్చు, ఆ ఆస్తి సంగతితో సంబంధం లేకుండా పోషణ, అంటే నెలనెలా బతకడానికి డబ్బు, ఎప్పుడైనా అడగవచ్చు. అనుమానం ఉంటే మీసేవలో ఈసీ (ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు చూపే కాగితం) తీసుకొని ఆస్తి ఇంకా ఎవరి పేరున ఉందో చూడండి.

7. ఆర్డీవో ట్రిబ్యునల్‌కు అర్జీ

60 ఏళ్ళు నిండి సొంత ఆదాయంతో, ఆస్తితో బతకలేనివాళ్ళు, అలాగే అదే స్థితిలో ఉన్న ఏ వయసు తల్లిదండ్రులైనా పోషణ కోరవచ్చు. అడగగలిగేది కొడుకు, కూతురు, మేజరైన మనవడు, మనవరాలిని. పిల్లలు లేనివాళ్ళు తమ ఆస్తి అనుభవిస్తున్న లేదా వారసత్వంగా పొందబోయే బంధువును అడగవచ్చు. కోడలు, అల్లుడు ఈ నిర్వచనంలో లేరు, వాళ్ళను చేర్చాలని 2019లో లోక్‌సభలో పెట్టిన సవరణ బిల్లు చట్టం కాలేదు.

అర్జీ తెల్లకాగితం మీద తెలుగులో రాయవచ్చు. రాయలేని స్థితిలో ఉంటే వాళ్ళు అధికారం ఇచ్చిన ఏ మనిషైనా, సంస్థైనా వేయవచ్చు, ట్రిబ్యునల్ తనంతట తానే కూడా తీసుకోవచ్చు. పెద్దవాళ్ళు ఉంటున్న జిల్లాలో కానీ, ఇంతకుముందు ఉన్న జిల్లాలో కానీ, పిల్లలు ఉండే జిల్లాలో కానీ వేయవచ్చు. లాయర్ అవసరం లేదు, పెద్దవాళ్ళ తరఫున మాట్లాడటానికి జిల్లాలో మెయింటెనెన్స్ ఆఫీసర్ ఉంటారు.

రాసేటప్పుడు చాలామంది రెండు పేజీలు బాధ రాసి, ఏం కావాలో రాయడం మర్చిపోతారు. బాధ ఒక పేరా చాలు, తేదీలతో. ఆ తర్వాత పిల్లలందరి పేర్లు, చిరునామాలు, వాళ్ళు చేసే పని, తెలిసినంతలో ఆదాయం రాయండి. అందరినీ చేర్చండి, ఒక్కరినే చేరిస్తే ఆ ఒక్కరూ "మిగతావాళ్ళ సంగతేంటి" అని వాయిదాలు పెట్టిస్తారు. తర్వాత నెల ఖర్చు లెక్క వేయండి: మందులు ఇంత, పాలు ఇంత, సరుకులు ఇంత, కరెంటు ఇంత, డాక్టర్ దగ్గరకు ఆటో ఇంత. మెడికల్ షాపు బిల్లులు పిన్ చేయండి. చివర్లో కోరేవి వేర్వేరుగా రాయండి: నెలకు ఇంత పోషణ, విచారణ జరిగేలోపు మధ్యంతర పోషణ, ఇంట్లో ఫలానా గదిలో ఉండే హక్కు, దానపత్రం రద్దు కావాలంటే సెక్షన్ 23 కింద రద్దు. ఇచ్చిన అర్జీ కాపీ మీద తేదీతో ముద్ర వేయించుకోకుండా ఆఫీసు బయటికి రావద్దు.

నోటీసు అందిన 90 రోజుల్లో తేల్చాలి, ప్రత్యేక కారణం రాస్తే ఒక్కసారి ఇంకో 30 రోజులు పెంచవచ్చు. ముందు రాజీకి పిలుస్తారు. రాజీ కుదిరినా సరే, నెలలో ఏ తారీఖున, ఎంత, ఏ ఖాతాలో వేయాలో రాతపూర్వకంగా ఉండాలి. చట్టం ప్రకారం నెలకు గరిష్ఠంగా 10,000 రూపాయలే ఇప్పించగలరు. అంతకంటే ఎక్కువ కావాలంటే భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోని సెక్షన్ 144 కింద కోర్టుకు వెళ్ళవచ్చు, అక్కడ ఆ పరిమితి లేదు. కానీ రెండిట్లో ఒకటే ఎంచుకోవాలి. ఉత్తర్వు వచ్చాక డబ్బు వేయకపోతే 3 నెలల్లోపు ట్రిబ్యునల్‌కు చెప్పండి, వారంట్ ఇవ్వవచ్చు, నెల దాకా జైలు వేయవచ్చు. ఆలస్యం చేస్తే ఆ నెల బకాయి వసూలు చేయించడం కష్టమవుతుంది. ఉత్తర్వు నచ్చకపోతే పెద్దవాళ్ళు 60 రోజుల్లో కలెక్టర్ దగ్గర అప్పీలు చేసుకోవచ్చు.

ఉచిత న్యాయ సహాయానికి 15100. జిల్లా కోర్టు ఆవరణలో న్యాయ సేవాధికార సంస్థ ఉంటుంది, స్త్రీలకు ఆదాయంతో పని లేకుండా లాయర్‌ను ఇస్తారు.

8. బయటివాళ్ళు దోచుకుంటే

సైబర్ మోసంలో మొదటి గంటే ముఖ్యం. డబ్బు పోయిందని తెలిసిన క్షణమే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కు ఫోన్ చేయండి, ఇంట్లో ఎవరితోనూ చర్చలు వద్దు. డబ్బు ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకు పరిగెత్తుతూ ఉంటుంది, అది ఎక్కడ ఉంటే అక్కడ ఆపేయించడమే వాళ్ళ పని. ఫోన్ చేసేటప్పుడు ఏ బ్యాంకు, ఎంత, ఏ టైమ్‌కు, ట్రాన్సాక్షన్ నంబర్ ఎంత అనేవి దగ్గర పెట్టుకోండి. తర్వాత సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో ఫిర్యాదు పూర్తిచేయండి, బ్యాంకుకు కూడా రాతపూర్వకంగా ఇచ్చి నంబర్ తీసుకోండి. బ్యాంకు 30 రోజుల్లో తేల్చకపోతే బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే రిజర్వ్ బ్యాంక్ అంబుడ్స్‌మన్ దగ్గరకు వెళ్ళవచ్చు. ఫ్రీజ్ అయిన డబ్బు తిరిగి రావడానికి చాలాసార్లు కోర్టు ఉత్తర్వు కావాలి, తెలంగాణలో 2024 నుంచి లోక్ అదాలత్‌ల ద్వారా ఇలా చాలామందికి వెనక్కి ఇప్పించారు.

పెద్దవాళ్ళ మీద ఎక్కువగా వేసే వలలు ఇవి. పోలీస్ యూనిఫాంలో వీడియో కాల్ చేసి "మీ పేరున పార్శిల్‌లో డ్రగ్స్ దొరికాయి, మీరు డిజిటల్ అరెస్ట్‌లో ఉన్నారు, ఎవరికీ చెప్పకండి" అనడం. అలాంటి అరెస్ట్ మన చట్టంలో ఎక్కడా లేదు, సీబీఐ కానీ ఈడీ కానీ వీడియో కాల్‌లో డబ్బు అడగదు. నవంబర్ వచ్చిందంటే లైఫ్ సర్టిఫికెట్ పేరుతో పింఛనుదార్లకు కాల్స్ వస్తాయి. వాట్సాప్‌లో పెళ్ళి శుభలేఖ పేరుతోనో ట్రాఫిక్ చలానా పేరుతోనో ఏపీకే ఫైల్ (ఫోన్‌లో యాప్ ఎక్కించే ఫైల్) వస్తుంది, తెరిస్తే ఫోన్ వాళ్ళ చేతికి పోతుంది. మీ అమ్మానాన్నలతో ఒక ఒప్పందం చేసుకోండి: ఎవరైనా "ఎవరికీ చెప్పొద్దు" అన్నారంటే వెంటనే ఫోన్ పెట్టేసి మీకు చేయాలి.

ఇప్పుడు చెప్పేది ఇంకా ముఖ్యం. మోసపోయిన పెద్దవాళ్ళను "చదువుకున్నవాడివి, ఎలా నమ్మావు నాన్నా" అని అనకండి. రిటైరైన హెడ్‌మాస్టర్ ఒకాయన నాకు తెలుసు, 6 లక్షలు పోయిన సంగతి 11 రోజులు ఇంట్లో చెప్పలేదు, కొడుకు ఏమంటాడో అన్న భయంతో. ఆ 11 రోజుల్లోనే డబ్బు చేతికందకుండా పోయింది. అన్నం సరిగా తినక, నిద్ర లేక, ఫోన్ మోగితే ఉలిక్కిపడేవాడు. ఆయన్ను తిరిగి మనుషుల్లోకి తెచ్చింది కొడుకు అన్న ఒక్క మాట, "డబ్బు పోతే పోయింది నాన్నా, నువ్వు నాకు ముందే ఫోన్ చేసి ఉంటే బాగుండేదని కూడా నేను అనను." నిద్ర పట్టకపోతే, చచ్చిపోవాలనిపిస్తోందంటే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కు ఎప్పుడైనా ఫోన్ చేయవచ్చు. "పోయిన డబ్బు తెప్పిస్తాం, ఫీజు కట్టండి" అంటూ వచ్చే రెండో విడత మోసగాళ్ళ గురించి కూడా ముందే చెప్పి ఉంచండి, ఒకసారి మోసపోయినవాళ్ళ నంబర్లు చేతులు మారుతుంటాయి.

పొద్దున్నే ముగ్గు వేస్తుంటేనో పాలకు వెళుతుంటేనో గొలుసు తెంపుకుపోతే 112కు చేయండి, మెడ మీద గాయముంటే ఆసుపత్రిలో చూపించండి. భారతీయ న్యాయ సంహితలో స్నాచింగ్‌ను సెక్షన్ 304గా విడి నేరం చేశారు. ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు తీసుకోవాలి, మా పరిధి కాదంటే జీరో ఎఫ్ఐఆర్ అడగండి. ఎఫ్ఐఆర్ కాపీ ఉచితంగా ఇవ్వాలి. తీసుకోకపోతే ఎస్పీకి రిజిస్టర్ పోస్టులో పంపండి, అప్పటికీ కదలకపోతే మేజిస్ట్రేట్ దగ్గరకు వెళ్ళవచ్చు. బంగారం దొరికాక కోర్టులో పిటిషన్ వేసి తీసుకోవాలి, అప్పుడు ఇందాక చెప్పిన రసీదులు, ఫొటోలు పనికొస్తాయి.

సాక్ష్యం చెప్పడానికి 60 దాటిన మగవాళ్ళను, ఏ వయసు స్త్రీలనైనా, వికలాంగులను, తీవ్ర అనారోగ్యంతో ఉన్నవాళ్ళను పోలీసులు స్టేషన్‌కు రమ్మని బలవంతపెట్టకూడదు, వాళ్ళుండే చోటికే రావాలి. నాగరిక్ సురక్షా సంహిత సెక్షన్ 179 ఈ మాటే చెబుతుంది. మర్యాదగా, గట్టిగా అడగండి. వినికిడి మిషన్, కళ్ళజోడు పెట్టించి, టిఫిన్ పెట్టి, మందులు వేయించాకే మాట్లాడనివ్వండి. మీరు పక్కన కూర్చోండి, వాళ్ళ బదులు మీరు మాట్లాడకండి.

9. కేసు అయ్యాక, మాట కుదిరాక

ఫిర్యాదు చేసిన తర్వాతి రెండు మూడు వారాలే ఎక్కువ ప్రమాదం. ఇంట్లోవాళ్ళ కోపం ఆ పెద్ద మనిషి మీదే పడుతుంది. ఆ రోజుల్లో ఎవరో ఒకరు రోజూ వెళ్ళేలా చూడండి, పాలు ఇచ్చే మనిషి, ఆశా వర్కర్, చర్చి నుంచో భజన మండలి నుంచో ఎవరైనా, ఊరికే గుమ్మంలో నిలబడి పలకరించి వచ్చినా చాలు. బయటివాళ్ళు గమనిస్తున్నారని తెలిస్తే చేయి లేవదు. ఒంటరిగా ఉండే పెద్దవాళ్ళ వివరాలు దగ్గరి పోలీస్ స్టేషన్‌లో నమోదు చేయించండి. పక్కవాళ్ళతో ఒక గుర్తు పెట్టుకోండి, పొద్దున 8 గంటలకు కిటికీ తలుపు తెరిచి లేకపోతే వెళ్ళి చూడాలి, అలా.

చూసుకునేవాళ్ళ సంగతి కూడా అడగండి. పక్షవాతం వచ్చిన మామగారికి రెండేళ్ళుగా పక్కలు మారుస్తూ, రాత్రిళ్ళు నిద్ర లేకుండా ఉన్న కోడలు ఒకరోజు గట్టిగా కసురుకుంటే, ఆమెకు కేసు కంటే ముందు వారానికి రెండు పూటలు విశ్రాంతి కావాలి. మిగతా కొడుకులు, కూతుళ్ళు డబ్బు పంపితే సరిపోదు, వంతులు వేసుకోవాలి. చేయి చేసుకుంటే మాత్రం ఎంత అలసటైనా ఒప్పుకోవద్దు, ఆ రోజే ఆ పెద్దాయన్ను వేరేచోటికి మార్చండి.

ఆ ఇంట్లో ఇక ఉండలేమని పెద్దవాళ్ళే అంటే, ముందు కూతురిల్లో చెల్లెలిల్లో చూడండి, అది కుదరకపోతే వృద్ధాశ్రమాల వివరాలు 14567 వాళ్ళే ఇస్తారు. చేర్చేముందు మీరే వెళ్ళి ఒక పూట అక్కడ తినండి, బాత్రూంలో పట్టుకునే కమ్మీలు ఉన్నాయో లేదో చూడండి, రాత్రి ఎంతమంది మనుషులుంటారో అడగండి, మేనేజర్ లేనప్పుడు అక్కడున్న ముసలివాళ్ళతో మాట్లాడండి.

మా ఎదురింటి పెద్దమ్మ ఇప్పుడు పింఛన్‌లో మూడు వేలు తనంతట తానే కొడుకుకు ఇస్తుంది, వెయ్యి రూపాయలు పోపుల డబ్బాలో దాచుకుంటుంది. మొన్న ఒకటో తారీఖు సాయంత్రం వచ్చి నా చేతిలో 120 రూపాయలు పెట్టింది. వద్దంటే ఊరుకోలేదు.